మన ఎంపీని ఏమి అడగాలి? లోక్‌సభ అధికారాలపై చర్చ

మూసీగట్టు (నల్లగొండ):
మా ఊరికి పార్లమెంటు సభ్యుడు వస్తున్నారని పంచాయతీ దగ్గర అందరం కూర్చుని వినతిపత్రం తయారు చేశాం. మురుగు కాలువ, వీధి దీపాలు, కొత్త రేషన్ కార్డులు, శ్మశానానికి ప్రహరీ గోడ, ఆగిపోయిన పింఛన్లు. పత్రం అంతా నిండింది. అందులో లోక్‌సభ చేసే పని ఒక్కటీ లేదు. కొన్ని పంచాయతీవి, మిగిలినవి రాష్ట్ర ప్రభుత్వానివి.

నా బాధ ఇది. దేశ ఖజానాకు తాళం ఆ సభ చేతిలో ఉంది. ప్రధానమంత్రి కుర్చీలో ఉండాలో దిగిపోవాలో తేల్చేదీ ఆ సభే. అలాంటి చోటికి మన మనిషిని పంపి, తిరిగి వచ్చినప్పుడు మురుగు కాలువ సంగతి అడుగుతున్నాం. ఆయనకూ అదే సుఖం. కాలువ అడిగేవాళ్లు "ఫలానా బిల్లు మీద మీరు ఎటు ఓటు వేశారు, ఎందుకు వేశారు" అని అడగరు కదా. తెలిసినవాళ్లు చెప్పండి: లోక్‌సభకు నిజంగా ఏ అధికారాలున్నాయి? వాటిని పట్టుకుని మనం ఏమి అడగవచ్చు?

ఎడమకాలువ రైతు (మిర్యాలగూడ):
అన్నా, మీ ఆవేదన న్యాయమైనదే. కానీ ఊరివాళ్లను తప్పుపట్టకండి. ఎంపీ నిధులతో సిమెంటు రోడ్డు వేస్తే అది కళ్లముందు ఉంటుంది. ఢిల్లీలో ఆయన చేసిన ప్రసంగం మా పొలానికి నీళ్లు పెట్టదు.

అలాగని ఆ నిధులూ పెద్దవేమీ కావు. ఏడాదికి 5 కోట్లు. నల్లగొండ పార్లమెంటు పరిధిలో దేవరకొండ, నాగార్జునసాగర్, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట, నల్లగొండ అని ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు. పంచితే ఒక్కోదానికి 71 లక్షల చిల్లర వస్తుంది. ఎన్ని ఊళ్లకు సరిపోతుంది? 1993లో ఆ పథకం మొదలైనప్పటి నుంచి ఎంపీ అంటే కమ్యూనిటీ హాలు కట్టించే మనిషి అనే అభిప్రాయం బలపడింది. అదొక్కటి మీతో ఒప్పుకుంటాను.

పాలమూరు వకీలు (మహబూబ్‌నగర్):
మూసీగట్టు గారు అడిగిన దానికి కొంచెం వివరంగా రాస్తాను.

రాజ్యాంగం 75వ అధికరణం ప్రకారం కేంద్ర మంత్రిమండలి సమష్టిగా లోక్‌సభకు జవాబుదారీ. రాజ్యసభకు కాదు. అంటే ప్రభుత్వానికి ప్రాణం పోసేదీ తీసేదీ లోక్‌సభ ఒక్కటే. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం అడిగిన విశ్వాస తీర్మానానికి 269 ఓట్లు వచ్చాయి, ఎదురుగా 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పోయింది. ఆ రోజు సభాపతి స్థానంలో ఉన్నది మన తెలుగువారే, జి.ఎం.సి. బాలయోగి.

అంతకు ముందు 1993 జూలైలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం మీద అవిశ్వాసం పెట్టారు. అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265. ప్రభుత్వం నిలబడింది. ఆ ఓట్లలో కొన్ని లంచానికి వచ్చాయని కేసు నడిచింది. సభలో వేసిన ఓటుకు రాజ్యాంగ రక్షణ ఉంది కాబట్టి లంచం తీసుకుని ఓటు వేసిన సభ్యులను శిక్షించలేమని 1998లో సుప్రీంకోర్టు అంది. 2024 మార్చిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును కొట్టివేసింది. లంచానికి ఇప్పుడు ఏ రక్షణా లేదు. ఒక తప్పుడు తీర్పు సరిదిద్దుకోవడానికి ఈ దేశానికి పాతికేళ్లు పైగా పట్టింది. న్యాయవాదిగా నాకు ఇది ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక డబ్బు. ద్రవ్య బిల్లును, అంటే పన్నులకూ ప్రభుత్వ ఖర్చుకూ సంబంధించిన బిల్లును, లోక్‌సభలోనే ప్రవేశపెట్టాలి. రాజ్యసభ 14 రోజుల్లో తిప్పి పంపాలి. అది సూచించిన సవరణలను లోక్‌సభ తీసుకోవచ్చు, తీసుకోకపోవచ్చు. ఏది ద్రవ్య బిల్లో తేల్చేది సభాపతి. 2016లో ఆధార్ చట్టాన్ని ఈ దారిలోనే తెచ్చారు. 2018లో సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల మాటతో దాన్ని నిలబెట్టింది. జస్టిస్ చంద్రచూడ్ ఒక్కరే విభేదించారు.

అన్నిటికంటే ముఖ్యం, శాఖలవారీ పద్దుల మీద, అంటే ఒక్కో శాఖ ఖర్చుకు అడిగే డబ్బు మీద, ఓటు. 113వ అధికరణం ప్రకారం లోక్‌సభ ఒప్పుకుంటేనే ఏ మంత్రిత్వ శాఖకైనా డబ్బు విడుదల. రాజ్యసభ బడ్జెట్‌పై చర్చించగలదు, పద్దుల మీద ఓటు వేసే అధికారం దానికి లేదు. పద్దు మీద కోత తీర్మానం, అంటే అడిగిన డబ్బు తగ్గించాలనే తీర్మానం, నెగ్గిందంటే ప్రభుత్వం సభ విశ్వాసం కోల్పోయినట్టే.

తండా చదువరి (దేవరకొండ):
వకీలు గారూ, నేను గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాను. ఇవన్నీ మా పుస్తకాల్లో ఉన్నాయి. పరీక్షలో రాస్తే మార్కులు వస్తాయి. కానీ పత్రికల్లో చదివేది వేరేగా ఉంది, అందుకే అడుగుతున్నాను.

పద్దుల మీద ఓటే పెద్ద అధికారం అన్నారు. 2018 మార్చిలో అన్ని శాఖల పద్దులనూ గిలెటిన్ చేసి, అంటే ఒకేసారి ఓటుకు పెట్టి, చర్చ లేకుండానే ఆమోదించారు. 2023 మార్చిలోనూ అదే జరిగింది. లక్షల కోట్ల రూపాయలకు గొడవల మధ్య మూజువాణి ఓటు. అప్పుడు తాళం చేతిలో ఉండి ఏమి లాభం సార్?

ఇంకొకటి. 1985లో 52వ సవరణతో పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధం) వచ్చాక, ఇలా ఓటు వేయాలని పార్టీ విప్ (ఆదేశం) ఇస్తే సభ్యుడు దానికి భిన్నంగా ఓటు వేయలేడు. వేస్తే సభ్యత్వం పోతుంది. ప్రభుత్వం నిలబడాలా వద్దా అనే ఓటుకు విప్ ఉంటే అర్థం చేసుకోవచ్చు. ఏ చిన్న బిల్లుకైనా ఇదే నియమం. మా తండావాళ్లు ఓటు వేసింది మనిషికి. సభలో ఓటు వేస్తున్నది పార్టీ. ఇందులో లోక్‌సభ అధికారం ఎక్కడుంది, పార్టీ కార్యాలయం అధికారం ఎక్కడుంది?

పాలమూరు వకీలు (మహబూబ్‌నగర్):
తల్లీ, సరైన చోట పట్టుకున్నావు. ఫిరాయింపుల నిరోధం డబ్బుకు అమ్ముడుపోయేవాళ్లను ఆపాలని వచ్చింది. ఆపవలసినవాళ్లను పూర్తిగా ఆపలేదు, మనస్సాక్షితో ఓటు వేయాలనుకునేవాళ్లను మాత్రం కట్టేసింది. విప్‌ను విశ్వాస, అవిశ్వాస తీర్మానాలకూ బడ్జెట్‌కూ పరిమితం చేయాలని చాలాకాలంగా చర్చ ఉంది. నేను ఆ పక్షమే.

లెక్కల మాస్టారు (సూర్యాపేట):
పిల్లలూ, మన జిల్లాకూ ఆ సభకూ ఉన్న సంబంధం చెప్పకుండా ఈ చర్చ పూర్తికాదు.

1952లో మొదటి లోక్‌సభకు నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి ఎన్నికయ్యారు. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం కారణంగా పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. ఆయనకు పడిన ఓట్లు జవహర్‌లాల్ నెహ్రూకు పడిన ఓట్ల కంటే ఎక్కువ. సాయుధ పోరాటం నడిచిన నేల, జైళ్ల నుంచీ అడవుల నుంచీ అప్పుడే బయటికి వచ్చిన జనం, తుపాకీ పక్కనపెట్టి ఓటు పట్టుకున్నారు. అంత నమ్మకం పెట్టుకుని పంపారు ఆ సభకు.

ఇప్పుడు 1996కు రండి. ఫ్లోరైడు సంగతి మీకు చెప్పనవసరం లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లు తాగి పళ్లు గారపట్టి, కాళ్లు వంకర్లుపోయి, ముప్పయ్యేళ్లకే నడుము వంగిన మనుషులను చూస్తూ నేను ఉద్యోగం చేశాను. తరగతిలో పిల్లవాడు బల్ల మీద నుంచి లేవడానికి పక్కవాడి భుజం పట్టుకునేవాడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం అని పాఠం చెప్పేది మేమే, ఆ నీళ్లే తాగేది మేమే. కృష్ణ నది జిల్లా అంచునే పారుతోంది. నాగార్జునసాగర్ మన గడ్డ మీదే ఉంది.

ఎన్ని విజ్ఞప్తులు చేసినా కదలిక లేదు. అప్పుడు దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జల సాధన సమితి ఒక దారి పట్టింది. ఊరూరా మనుషులను లోక్‌సభకు పోటీకి నిలబెట్టింది. చివరికి నల్లగొండ బరిలో 480 మంది అభ్యర్థులు మిగిలారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పెట్టెలు చాలలేదు, పోలింగు వాయిదా వేయవలసి వచ్చింది. ఆ ఎన్నికలో సీపీఐ తరఫున బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. నిలబడినవాళ్లలో చాలామంది గెలవాలని నిలబడలేదు. "మా ఎముకలు చూడండి" అని ఢిల్లీకి చెప్పడానికి నిలబడ్డారు. ఒక ప్రజా సమూహం తన పార్లమెంటుతో ఇంత శాంతంగా, ఇంత గట్టిగా మాట్లాడిన సందర్భం నాకు మరొకటి తెలియదు.

మూసీగట్టు (నల్లగొండ):
మాస్టారు గారూ, నమస్కారం. దానికి పార్లమెంటు ఇచ్చిన జవాబు కూడా ఇక్కడ నమోదు కావాలి. అదే ఏడాది ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించారు. అప్పటిదాకా లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 రూపాయలు. దాన్ని 10,000 చేశారు. గుర్తింపు పొందిన పార్టీ మద్దతు లేనివారికి పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. ఈ రోజు డిపాజిట్ 25,000, ఎస్సీ, ఎస్టీలకు 12,500.

నీళ్లు అడిగినందుకు తలుపు ఇంకాస్త మూశారు. నాకు ఇప్పటికీ మంట పుట్టిస్తుంది.

గద్వాల కోట (గద్వాల):
మూసీగట్టు గారూ, కోపం అర్థమవుతుంది కానీ ఒక్క నల్లగొండ కోసమే చేసిన సవరణ కాదది. ఆ ఏడాదే కర్ణాటకలోని బెళగావిలో 456 మంది, తమిళనాడులోని మొదకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది నిలబడ్డారు. ఎన్నిక జరపడమే కష్టమైంది. డిపాజిట్ పెంచడంలో పరిపాలనాపరమైన కారణం ఉంది. నీళ్ల ప్రశ్నకు అది సమాధానం కాదన్నది మాత్రం నిజం.

నీళ్ల విషయంలో ఎవరిని ఏమి అడగాలో కూడా తేల్చుకోవాలి. తాగునీరు, కాలువలు రాష్ట్ర జాబితా. తరువాతి ఏళ్లలో కృష్ణా జలాలు నల్లగొండ పల్లెలకు చేరింది రాష్ట్ర పథకాలతోనే. కానీ రెండు రాష్ట్రాల మధ్య పారే నది కేంద్రం చేతిలోది. 262వ అధికరణం ప్రకారం పార్లమెంటు 1956లో అంతర్రాష్ట్ర జల వివాదాల చట్టం చేసింది. ఆ చట్టం కింద వేసిన బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా జలాల్లో ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలు ఇచ్చింది. రాష్ట్రం విడిపోయాక తాత్కాలిక సర్దుబాటులో తెలంగాణకు 299, ఆంధ్రప్రదేశ్‌కు 512. ఈ వాటాలు మళ్లీ తేల్చమని కేంద్రం బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కు చెప్పింది 2023 అక్టోబరులో. రాష్ట్రం విడిపోయి అప్పటికే తొమ్మిదేళ్లు గడిచాయి! మా అలంపూర్ రైతులు తుంగభద్ర మీది రాజోలిబండ మళ్లింపు కాలువ మీద ఆధారపడ్డవాళ్లు. 87,500 ఎకరాల ఆయకట్టు కాగితం మీద ఉంది. ఆనకట్ట ఒడ్డున కర్ణాటక, కింద మేము, పక్కన కర్నూలు. ఇలాంటి చోట లోక్‌సభలో మన సభ్యుడు ప్రతి సమావేశంలోనూ నిలదీయాలి. ఇది అక్షరాలా ఆయన పని.

షాద్‌నగర్ స్టేషన్ (షాద్‌నగర్):
అందరూ లోక్‌సభ ఏమీ చేయలేదన్నట్టు రాస్తున్నారు. 2014 ఫిబ్రవరి 18 మరిచిపోయారా? తెలంగాణ బిల్లు లోక్‌సభలో నెగ్గింది ఆ రోజు. 20న రాజ్యసభ. జూన్ 2న రాష్ట్రం. అప్పుడు మన మహబూబ్‌నగర్ ఎంపీ కేసీఆర్. 2009లో టీఆర్ఎస్ గెలిచిన లోక్‌సభ స్థానాలు రెండే రెండు: మహబూబ్‌నగర్, మెదక్. ఇద్దరు సభ్యులున్న పార్టీ డిమాండును దేశం సభ ఒప్పుకుంది. బయట ఉద్యమం, లోపల సభ్యుల పట్టు, రెండూ కలిస్తే లోక్‌సభ ఎంత చేయగలదో మనం కళ్లారా చూశాం. ఫిబ్రవరి 13న సభలో మిరియాల పొడి చల్లినా, సభ్యులు దగ్గుతూ బయటికి పరుగెత్తినా బిల్లు ఆగలేదు. ఆ రోజు మా ఇంట్లో అందరం టీవీ ముందు నుంచి కదలలేదు.

పాలమూరు వకీలు (మహబూబ్‌నగర్):
షాద్‌నగర్ తమ్ముడూ, నేనూ ఆ రోజు కంటతడి పెట్టినవాడినే. కానీ ఆ అధికారం స్వభావం పూర్తిగా తెలుసుకోవాలి.

మూడో అధికరణం ప్రకారం రాష్ట్రాల సరిహద్దులు మార్చడానికి పార్లమెంటుకు మామూలు మెజారిటీ చాలు. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, పాటించనవసరం లేదు. 2014 జనవరిలో ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీ బిల్లును తిరస్కరించినా పార్లమెంటు ముందుకు సాగింది. మనకు అది మేలు చేసింది. కొన్ని నెలలకే, జూలైలో, అదే పార్లమెంటు అదే అధికారంతో పోలవరం ముంపు పేరిట ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపే బిల్లును ఆమోదించింది. మన సభ్యుల నిరసన వినబడలేదు.

ఇంకో సంగతి చూడండి. పోలవరానికి జాతీయ హోదా రాష్ట్ర పునర్విభజన చట్టంలోనే, 90వ సెక్షన్‌లో, రాసి ఉంది. చట్టంలో రాసింది కాబట్టి ఏ మంత్రీ దాటవేయలేడు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు అలాంటి వాక్యం లేదు. అందుకే ఏళ్ల తరబడి విన్నపాల దగ్గరే ఉన్నాం. చట్టంలో ఒక వాక్యం ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఇంత. లోక్‌సభలో సవరణ ప్రతిపాదించే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంటుంది. బిల్లు మీద ప్రసంగం పత్రికలో వస్తుంది, సవరణ చట్టంలో మిగులుతుంది.

షాద్‌నగర్ స్టేషన్ (షాద్‌నగర్):
90వ సెక్షన్ సంగతి ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు సార్. పాలమూరు వాళ్లందరికీ చెప్పవలసిన మాట. నియోజకవర్గాల పునర్విభజన జరిగితే మన 17 సీట్ల గతి ఏమిటో కూడా రాస్తారా?

నిర్వాహకులు:
పునర్విభజన చాలా పెద్ద విషయం. దానికి విడిగా చర్చ తెరవండి. ఇక్కడ సభ అధికారాలకే పరిమితం కండి. వ్యక్తుల మీద, పార్టీల మీద దూషణలు తొలగిస్తాం.

అంగన్‌వాడీ టీచర్ (నారాయణపేట):
అన్నలూ, అక్కలూ, నదులు, రాష్ట్రాలు పెద్ద మాటలు. నా మాట చిన్నది. మా గౌరవ వేతనంలో కేంద్రం వాటా 2018 అక్టోబరు నుంచి నెలకు 4,500. దాని కంటే ముందు 3,000. పైన రాష్ట్రం కలుపుతుంది. ఈ 4,500 ఎవరు నిర్ణయిస్తారు? కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ పద్దులో నుంచి వస్తుంది. అంటే పైన వకీలు గారు చెప్పిన ఆ ఓటుతోనే. మేము కలెక్టరేటు ముందు కూర్చున్నాం, ఎమ్మెల్యే ఇంటి ముందు కూర్చున్నాం. ఆ పద్దు సభకు వచ్చిన రోజు మా ఎంపీ ఏమి మాట్లాడారో మాత్రం ఒక్కరం కూడా అడగలేదు. ఆ రోజు ఎప్పుడు వస్తుందో మాకు చెప్పినవాళ్లే లేరు.

మా తరం వలసలు చూసిన తరం. బొంబాయి, పూణె మట్టి పనులకు లారీలు ఎక్కిన పాలమూరు. 2005లో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం చేస్తే మొదటి విడతలోనే మహబూబ్‌నగర్, నల్లగొండ రెండు జిల్లాలూ ఉన్నాయి. మా అమ్మ మొదటిసారి సొంత ఊళ్లో కూలి డబ్బు చేత్తో తీసుకుంది. లోక్‌సభ మన పల్లెకు దూరం అనేవాళ్లకు ఇది చెప్పాలనిపించింది.

ఎడమకాలువ రైతు (మిర్యాలగూడ):
చెల్లెమ్మ మాటతో నా ఆలోచన కూడా మారుతోంది. మా మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులే. 2021లో కేంద్రం ఉప్పుడు బియ్యం తీసుకోనని చెప్పినప్పుడు కల్లాల్లో ధాన్యం మొలకెత్తింది. మేము మిల్లు గేటు దగ్గర తన్నుకున్నాం, రాష్ట్రాన్ని తిట్టాం. ఆహార సబ్సిడీ, ఎఫ్‌సీఐ కొనుగోలు కేంద్రం పద్దు. మద్దతు ధర నిర్ణయం కేంద్ర మంత్రివర్గానిది. ఆ మంత్రివర్గం జవాబు చెప్పవలసింది లోక్‌సభకే.

సాగు చట్టాలను 2020లో తెచ్చారు, 2021 నవంబరు 29న రెండు సభల్లోనూ ఒకే రోజు, చర్చ లేకుండా రద్దు చేశారు. రద్దు కావడం మంచిదే, అందుకోసమే ఢిల్లీ సరిహద్దులో రైతులు ఏడాది పాటు కూర్చున్నారు. అయినా ఎందుకు తెచ్చారో, ఎందుకు తీశారో సభలో చెప్పించాలి కదా. రైతుకు ఆ జవాబు బాకీ ఉంది.

తండా చదువరి (దేవరకొండ):
సరే, విప్ ఉంది, గిలెటిన్ ఉంది. ఒంటరి సభ్యుడి చేతిలో ఇంకా మిగిలిన ఆయుధం ఏమిటి? ప్రైవేటు సభ్యుల బిల్లుల మీద, అంటే మంత్రులు కాని సభ్యులు పెట్టే బిల్లుల మీద, నాకు ఆశ లేదు. స్వాతంత్ర్యం వచ్చాక చట్టమైనవి 14 మాత్రమే, చివరిది 1970లో.

రాయచూరు రోడ్డు (మక్తల్):
అమ్మా, ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను. ఢిల్లీలో ఒక కేంద్ర కార్యాలయంలో ఉద్యోగం చేసి రిటైర్ అయ్యాను. పార్లమెంటు ప్రశ్న అంటే కార్యాలయం లోపల ఏమి జరుగుతుందో చెబుతాను. బయటివాళ్లకు దాని బలం తెలియదు.

సభ్యుడు ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు. వీటికి మంత్రి సభలో నిలబడి నోటితో జవాబు చెబుతాడు, అనుబంధ ప్రశ్నలు వస్తాయి. మరో 230 ప్రశ్నలకు రాతపూర్వక జవాబు. ప్రశ్న శాఖకు చేరిన క్షణం నుంచి మిగిలిన పని పక్కకు పోతుంది. అటకెక్కిన ఫైలు కిందికి దిగుతుంది. జిల్లా నుంచి వివరాలు తెప్పిస్తారు. అనుబంధ ప్రశ్న ఏది వచ్చినా మంత్రి తడబడకుండా ఉండాలని పేజీలకు పేజీలు నోట్ తయారు చేస్తాం. సంయుక్త కార్యదర్శి స్థాయి అధికారి రాత్రి పదకొండు దాకా కూర్చుంటాడు. మీ వినతిపత్రం కలెక్టరేటు ఇన్‌వార్డ్ రిజిస్టరులో నిద్రపోతుంది. అదే విషయం ప్రశ్నగా వస్తే ఒక మంత్రి సంతకంతో జవాబు ఇవ్వక తప్పదు. అబద్ధం చెబితే సభాహక్కుల ఉల్లంఘన.

ఇంకా ఉంది. "పరిశీలిస్తాం", "సమాచారం సేకరిస్తున్నాం" అని మంత్రి అంటే అది హామీ కిందికి వస్తుంది. మంత్రుల హామీలను వెంటాడే సభ్యుల కమిటీ, హామీల సంఘం, దాన్ని రాసుకుంటుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి. పొడిగింపులు అడుగుతారు నిజమే, కానీ ఫైలు మూయలేరు.

సంఘాల పని టీవీలో కనిపించదు. అంచనాల సంఘంలో 30 మంది సభ్యులూ లోక్‌సభ వాళ్లే. శాఖల పనిని పరిశీలించే స్థాయీ సంఘాలు 24, ఒక్కోదానిలో రెండు సభల నుంచీ కలిపి 31 మంది. అక్కడ పార్టీ గోల తక్కువ, విప్ ఉండదు. కార్యదర్శిని ఎదురుగా కూర్చోబెట్టి కాగితాలు తెప్పించి అడుగుతారు. నేను చూసిన మంచి సభ్యులందరూ అక్కడ శ్రమపడ్డవాళ్లే. మన పాలమూరు బిడ్డ జైపాల్‌రెడ్డి మహబూబ్‌నగర్ నుంచీ మిర్యాలగూడ నుంచీ గెలిచారు. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం అందుకున్నారు. చంకకర్రలతో నడుచుకుంటూ వచ్చే ఆయన లేచి నిలబడితే కాగితం చూడకుండా జవాబు చెప్పగల మంత్రులు తక్కువ. అలాంటివాళ్లను పంపిన జిల్లాలు మనవి.

లెక్కల మాస్టారు (సూర్యాపేట):
మంచి మాట చెప్పారు. మన సభ్యులు వేసిన ప్రశ్నలు, వాటికి మంత్రుల జవాబులు పార్లమెంటు వెబ్‌సైటులో సభ్యుడి పేరుతో వెతికితే దొరుకుతాయి. నేను మనవరాలి చేత వెతికించి చదువుతుంటాను. ఒకే పట్టు మీద వరుసగా అడిగినవి తక్కువ, తలొక దిక్కు విసిరినవి ఎక్కువ. ఒక్క విషయం పట్టుకుని అయిదేళ్లు వెంటపడాలి.

గద్వాల కోట (గద్వాల):
అయితే ఒక్క విషయం మనమే ఎంచి ఇద్దాం. గద్వాల-మాచర్ల రైలు మార్గం. తరాల నుంచి అడుగుతున్నాం. రైల్వే పూర్తిగా కేంద్ర జాబితా, కాబట్టి "ఇది రాష్ట్రం పని" అని ఎవరూ తప్పించుకోలేరు. వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, దేవరకొండ పట్టణాలకు రైలు వస్తుంది. పాలమూరునూ నల్లగొండనూ కలిపే మార్గం. ఇద్దరు ముగ్గురు ఎంపీలు కలిసి అడగవలసిన విషయం.

తండా చదువరి (దేవరకొండ):
దేవరకొండ నుంచి హైదరాబాదు కోచింగుకు బస్సులో వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచి ప్రశ్న లేదు. నేను సంతకం పెడతాను.

ఎడమకాలువ రైతు (మిర్యాలగూడ):
రైలు మంచిదే. ధాన్యం కొనుగోలు మీద కూడా ఒకటి ఉండాలి. లేకపోతే నేను మా ఊళ్లో ఎవరికీ ముఖం చూపించలేను.

రాయచూరు రోడ్డు (మక్తల్):
రెండూ విడివిడిగా పెట్టండి. కలిపితే రెండు శాఖల మధ్య తిరిగి తిరిగి పోతుంది. రైలు మార్గంపై ప్రశ్న ఇలా ఉండాలి: సర్వే ఎప్పుడు జరిగింది, నివేదికలో అంచనా వ్యయం ఎంత, రైల్వే బోర్డు దాని మీద ఏ నిర్ణయం తీసుకుంది, ఆ నిర్ణయానికి కారణాలేమిటి, ఈ ఏడాది పద్దులో ఎంత కేటాయించారు. "ప్రభుత్వం చర్యలు తీసుకుంటుందా" అని అడగకండి. "తీసుకుంటోంది" అని ఒక్క ముక్కలో ముగిస్తారు.

దానితో పాటు లోక్‌సభ పిటిషన్ల కమిటీకి కూడా రాయండి. పౌరులు నేరుగా సభకు పెట్టుకునే అర్జీ అది. చాలామందికి అలాంటి దారి ఉందనే తెలియదు. ఒక సభ్యుడు దాని మీద సంతకం చేసి సభలో సమర్పించాలి. కోర్టులో ఉన్న విషయం, రాష్ట్ర శాసనసభలో తేలవలసిన విషయం అయితే తీసుకోరు. రైలుకు ఆ అడ్డు లేదు. తెలుగులో రాయవచ్చు, కానీ హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం జతచేసి అర్జీదారు దాని మీద కూడా సంతకం పెట్టాలి.

మూసీగట్టు (నల్లగొండ):
అర్జీ తెలుగు ప్రతి నేను రాస్తాను. రెండు పేజీలకు మించనివ్వను. 1996 సంగతి అందులో పెట్టవచ్చా?

పాలమూరు వకీలు (మహబూబ్‌నగర్):
వద్దు. ఆ కోపం మనకు ఉండనివ్వండి. అర్జీలో రైలు తప్ప మరో మాట ఉండకూడదు. ఏ ఊళ్లు, ఎంత జనాభా, ఇప్పుడు రైలు ఎక్కడానికి ఎంత దూరం వెళ్లవలసి వస్తోంది, అంతే. రాసి పంపండి, నియమాలకు సరిపోయిందో లేదో నేను చూస్తాను.

అంగన్‌వాడీ టీచర్ (నారాయణపేట):
మా పద్దు సభకు వచ్చే తేదీ ఎలా తెలుస్తుందో కూడా ఎవరైనా చెప్పండి. ఈసారి మా సంఘం తరఫున ముందే వెళ్లి ఎంపీని కలుస్తాం.

రాయచూరు రోడ్డు (మక్తల్):
చెల్లెమ్మా, బడ్జెట్ సమావేశాల మధ్య విరామంలో స్థాయీ సంఘాలు పద్దులను పరిశీలిస్తాయి. మీ శాఖ పద్దు విద్య, మహిళ, శిశు, యువజన, క్రీడల సంఘం ముందుకు వెళుతుంది. సభలో గిలెటిన్ పడినా సంఘంలో చర్చ జరుగుతుంది. సంఘంలో తెలుగు సభ్యులెవరో చూసి, బడ్జెట్ పెట్టిన వారంలోపే మీ కాగితం వాళ్లకు చేర్చండి. విరామం ముగిశాక చేరిస్తే ప్రయోజనం ఉండదు.

తండా చదువరి (దేవరకొండ):
ఇంగ్లీషు అనువాదం నేను చేస్తాను. మాస్టారు గారు ఒకసారి చదివి దిద్దాలి. దేవరకొండ, కొండమల్లేపల్లి వైపు సంతకాలు మా హాస్టల్ అమ్మాయిలం సేకరిస్తాం. అచ్చంపేట, నాగర్‌కర్నూల్ వైపు ఎవరైనా ముందుకు వస్తే ఇక్కడే రాయండి.